ఫార్మాట్ కొట్టేస్తే సరిపోదు బాస్.. పాత ల్యాప్‌టాప్‌ని అప్పగించడం కూడా నేర్చుకుందాం

పోయిన ఏడాది ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అయిపోయాక మా పిన్ని ఫోన్ చేసింది. "నీ చెల్లికి సీఎస్‌ఈ వచ్చిందిరా. ల్యాప్‌టాప్ కావాలంట. పాతికవేలు దాటితే మా వల్ల కాదు, నువ్వే ఏదో ఒకటి చూడు" అంది. గాడ్జెట్ల గురించి రాసేవాడు ఇంట్లో ఉంటే చుట్టాలందరికీ అతనే షోరూమ్. పాతికవేలకి కొత్తది కొంటే, క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే ఆయాసపడే మెషీన్ వస్తుంది. అందుకే సెకండ్ హ్యాండ్‌కే ఫిక్సయ్యాం. సికింద్రాబాద్‌లో ఒక షాపులో రూ. 22,000కి మంచి పీస్ దొరికింది. ఐదేళ్ల కిందటి మోడలే గానీ 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, దానికి తోడు 1 టీబీ హార్డ్ డిస్క్ కూడా ఉన్నాయి. "ఫుల్ ఫార్మాట్ కొట్టి, ఫ్రెష్‌గా విండోస్ వేసి ఇస్తున్నా బ్రదర్. కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అన్నాడు షాపతను.

కళ్లు మూసుకునే తీసుకొచ్చా. అదే నా తప్పు.

ఇంటికొచ్చాక చెల్లి ఆన్ చేసింది. డెస్క్‌టాప్ నీట్‌గా ఉంది. సీ డ్రైవ్ చూస్తే కొత్త పలకలా ఉంది. తర్వాత డీ డ్రైవ్ మీద క్లిక్ చేసి, "అన్నయ్యా, ఇవెవరివి?" అంది. చూస్తే నలభై దాకా ఫోల్డర్లు. "ఆధార్ పాన్ స్కాన్స్", "హోమ్ లోన్", "ఐటీ రిటర్న్స్", "పాప ఫస్ట్ బర్త్‌డే", "అమ్మ మెడికల్ రిపోర్ట్స్". వాటి మధ్యలో "పాస్‌వర్డ్స్" అని ఒక ఎక్సెల్ ఫైల్. పేరే పాస్‌వర్డ్స్. దానికి మాత్రం పాస్‌వర్డ్ లేదు.

షాపతను అబద్ధం చెప్పలేదు. ఫార్మాట్ కొట్టాడు. కాకపోతే విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీకి మాత్రమే కొట్టాడు. పక్కనే ఉన్న హార్డ్ డిస్క్‌ని ముట్టుకోలేదు. మొదటి ఓనరేమో షాపువాళ్లే అన్నీ తుడిచేస్తారనుకున్నాడు. ఆ రెండు నమ్మకాల మధ్యలో ఒక కుటుంబం కాగితాలన్నీ ముక్కూమొహం తెలియని మా ఇంటికొచ్చి పడ్డాయి.

"ఎంత కావాలి?"

ఫోల్డర్లు తెరిచి చూడాలా వద్దా అని కాసేపు ఆలోచించా. చివరికి ఒక్క రెజ్యూమె ఫైల్ మాత్రం తెరిచి, అందులో ఉన్న నంబర్‌కి కాల్ చేశా. "మీ పాత ల్యాప్‌టాప్ మేం కొన్నామండీ. అందులో మీ ఫైల్స్ అన్నీ అలాగే ఉన్నాయి" అని చెప్పా.

అవతల కొద్దిసేపు మాట లేదు. తర్వాత ఆయన మెల్లగా అడిగిన మొదటి మాట, "ఎంత కావాలి మీకు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా ఇబ్బందిగా అనిపించింది. ఆయన నన్ను బ్లాక్‌మెయిలర్ అనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. రోజూ పేపర్లో సైబర్ మోసాల వార్తలు చదివేవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు. "డబ్బులేం వద్దండీ, చెప్పి డిలీట్ చేద్దామని ఫోన్ చేశా" అని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. చివర్లో ఆయన అడిగింది మాత్రం నేను అస్సలు ఊహించలేదు. "పాప బర్త్‌డే వీడియోలు ఉన్నాయా అండీ? ఫోన్ పోయినప్పుడు అవి కూడా పోయాయనుకున్నాం."

ఉన్నాయి. ఆ ఫోల్డర్‌ని ఆయనకి డ్రైవ్‌లో షేర్ చేసి, ఆయన డౌన్‌లోడ్ అయిందని చెప్పేదాకా ఆగి, ఆ తర్వాతే అన్నీ తుడిచేశా.

ఆ ఒక్క ఫోన్‌కాల్‌లో నాకు అర్థమైంది ఇది. పాత ల్యాప్‌టాప్ అమ్మేటప్పుడు మనం మూడు పనులు చేయాలి. మనకి కావాల్సింది తీసుకోవాలి. మనది అనేది ఏదీ మిగలకుండా తుడవాలి. మన తాళాలు విప్పాలి. "ఫార్మాట్ కొట్టేశా" అనే మాట ఈ మూడింటిలో సగం పనికి కూడా సరిపోదు. అయినా ఆ మాట వినగానే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ నిశ్చింతగా ఉండిపోతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. రీసెట్ చేయడం షాపువాడి పని కాదు, కొన్నవాడి పని అంతకన్నా కాదు. అది అమ్మేవాడి బాధ్యత. మెషీన్ మన గుమ్మం దాటకముందే అయిపోవాలి.

డిలీట్ అంటే నిజంగా ఏం జరుగుతుంది?

టెక్ మీద ఇంట్రెస్ట్ ఉన్న మీలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది. అయినా అమ్మేటప్పుడు మనమే మర్చిపోతాం కాబట్టి ఇంకోసారి చెప్పుకుందాం. విండోస్‌లో ఒక ఫైల్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తే, ఆ ఫైల్‌లోని డేటా వెంటనే చెరిగిపోదు. "ఈ జాగా ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు" అని లెక్కల పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. క్విక్ ఫార్మాట్ అంటే ఆ లెక్కల పుస్తకాన్ని కొత్తది పెట్టడం. గోడౌన్‌లో సరుకు మాత్రం ఎక్కడిదక్కడే. హార్డ్ డిస్క్ అయితే రెక్యూవా, ఫోటోరెక్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లతో ఇంటర్ చదివే కుర్రాడు కూడా వాటిని బయటికి తీయగలడు.

ఇదేం కొత్త సంగతి కాదు. 2003లో ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు ఒక స్టడీ బయటపెట్టారు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 158 హార్డ్ డిస్కులు కొని చూశారు. పనిచేస్తున్నవి 129. వాటిలో పూర్తిగా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవాటిలో క్రెడిట్ కార్డు నంబర్లు, మెడికల్ వివరాలు, పర్సనల్ మెయిల్స్ దొరికాయి. ఒక డిస్కు ఏకంగా ఏటీఎం మెషీన్ నుంచి వచ్చినట్టుంది. ఇరవై ఏళ్లు దాటింది. డిస్కులు ఎస్‌ఎస్‌డీలయ్యాయి, మన అలవాటు మాత్రం అక్కడే ఉంది.

ఎస్‌ఎస్‌డీ కథ కొంచెం వేరు. అందులో ట్రిమ్ అనే కమాండ్ ఉంటుంది. డిలీట్ చేసిన బ్లాకులు ఇక అక్కర్లేదని ఓఎస్ ఎస్‌ఎస్‌డీకి చెప్తుంది, అది తీరిక చూసుకుని వాటిని చెరిపేస్తుంది. అందుకే మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌లకి ఎస్‌ఎస్‌డీల్లో చాలావరకు ఏమీ దొరకదు. ఇంకోవైపు, పాతకాలం పద్ధతిలో దాని మీద సున్నాలు రాసుకుంటూ పోవడం నమ్మదగ్గ పని కాదు. ఎస్‌ఎస్‌డీ తన ఆయుష్షు కోసం డేటాని లోపల అటూఇటూ మారుస్తూ ఉంటుంది. మనం రాస్తున్నామనుకున్న చోట అది రాయకపోవచ్చు.

వీటన్నిటికీ తేలికైన విరుగుడు ఎన్‌క్రిప్షన్. డ్రైవ్ మొత్తం ముందు నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, దాని కీ చెరిగిపోయిన రోజున మిగిలేది ఎవరికీ అర్థం కాని అక్షరాల కుప్పే. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే సపోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. కానీ మన మార్కెట్లో చేతులు మారుతున్నవి ఎక్కువగా అంతకంటే పాత మెషీన్లే కదా.

సామాను తీశాం సరే, తాళంచెవి?

డేటా సంగతి అయింది. ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తా. లేకపోతే ఊరికే క్లాసు పీకుతున్నట్టుంటుంది.

రెండేళ్ల కిందట నా మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1ని రాజమండ్రి కుర్రాడికి అమ్మా. నాకు అన్నీ తెలుసన్న ధీమాతో రికవరీ మోడ్‌లోకి వెళ్లి, డిస్క్ మొత్తం ఎరేజ్ చేసి, మ్యాక్ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ప్యాక్ చేసి పంపేశా. ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ అవ్వడం మర్చిపోయా. ఫైండ్ మై ఆన్‌లోనే ఉంది. రాత్రి పదిన్నరకి ఫోన్. "అన్నా, ఇదేదో వేరేవాళ్ల ఆపిల్ ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతోంది. స్క్రీన్ మీద యాక్టివేషన్ లాక్ అని ఉంది." గొంతులో భయం తెలుస్తూనే ఉంది. ఇంట్లో అప్పు చేసి కట్టిన డబ్బు అది. కాస్త ఆగి, "అన్నా, ఇది దొంగ పీస్ కాదు కదా?" అన్నాడు.

నిమిషాల్లో సరిచేశాననుకోండి. ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో నా డివైస్‌ల లిస్టులోంచి దాన్ని తీసేస్తే లాక్ వదిలేసింది. కానీ నేను ఆ రాత్రి ఫోన్ ఎత్తకపోతే? నంబర్ మార్చి ఉంటే? ఆ కుర్రాడి చేతిలో ఉన్నది వెండి రంగు పళ్లెమే. నిజానికి యాక్టివేషన్ లాక్ చాలా మంచి ఫీచర్. దొంగతనం చేసినవాడికి లాభం లేకుండా చేస్తుంది. మ్యాక్ఓఎస్ క్యాటలినా నుంచి టీ2 చిప్ ఉన్న మ్యాక్‌లలో, ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లన్నిటిలో అది ఉంది. తప్పు దానిది కాదు. ఇల్లు ఖాళీ చేసి, సామానంతా సర్దుకుని, బయట మన తాళం వేసుకుని వచ్చేసినవాణ్ని నేను.

విండోస్ వైపు ఈ తాళాలు వేరే రూపంలో ఉంటాయి. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి మర్చిపోవడం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని డివైస్‌ల లిస్టులో అమ్మేసిన మెషీన్ అలాగే ఉండిపోవడం. ఇక వాట్సాప్ సంగతి. ల్యాప్‌టాప్‌లో లింక్ చేసిన వాట్సాప్‌ని ఫోన్‌లోని లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి లాగౌట్ చేయనివాళ్లు ఎంతమందో. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో "మీ డివైస్‌లు" అనే చోట ఒకసారి చూడండి. నాలుగేళ్ల కిందట అమ్మేసిన ల్యాప్‌టాప్ పేరు ఇంకా కనపడినా ఆశ్చర్యపోకండి.

సరే, ఎలా చేయాలి?

ఒక గంట కూర్చుంటే అయిపోయే పని. హార్డ్ డిస్క్ ఉంటే ఇంకొన్ని గంటలు పడుతుంది, అది కూడా రాత్రి పెట్టేసి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

మొదట బ్యాకప్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఎలాగూ గుర్తుంటాయి. మర్చిపోయేది డీ డ్రైవ్, ఈ డ్రైవ్‌లని. బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు సింక్ అయ్యాయో లేదో ఫోన్‌లో చెక్ చేసుకోండి. విండోస్ హలోతో పాస్‌కీలు పెట్టుకుని ఉంటే అవి ఆ మెషీన్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. ఆయా సైట్లలోకి వేరే దారిలో లాగిన్ అవ్వగలరో లేదో ముందే చూసుకోండి.

తర్వాత తాళాలు. బ్రౌజర్, వన్‌డ్రైవ్, వాట్సాప్, స్టీమ్.. దేంట్లో ఉంటే దాంట్లోంచి సైన్ అవుట్ అవ్వండి. బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి. రీసెట్ అయిపోయాక మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోకి వెళ్లి ఆ డివైస్‌ని రిమూవ్ చేయండి.

ఇప్పుడు అసలు రీసెట్. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, "రీసెట్ దిస్ పీసీ". అందులో "రిమూవ్ ఎవ్రీథింగ్". ఇక్కడిదాకా అందరూ వస్తారు. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేసి లేచిపోతారు. ఆగండి. ఆ తర్వాతి స్క్రీన్ మీద "చేంజ్ సెట్టింగ్స్" అని చిన్న లింక్ ఉంటుంది. అది నొక్కితే "క్లీన్ డేటా?" అనే ప్రశ్న వస్తుంది. దాన్ని "యెస్" చేయాలి. ఒకటికి మించి డ్రైవ్‌లు ఉంటే "అన్ని డ్రైవ్‌ల నుంచీ ఫైల్స్ తీసేయాలా?" అనేది కూడా అక్కడే ఉంటుంది. దానికీ "యెస్". మనం ఏమీ మార్చకపోతే రెండూ "నో"లోనే ఉంటాయి. అంటే డిఫాల్ట్‌గా వదిలేస్తే డీ డ్రైవ్ అలాగే ఉంటుంది. మా చెల్లి ల్యాప్‌టాప్‌లో జరిగింది కూడా దాదాపు ఇదే.

విడిగా హార్డ్ డిస్క్ ఉంటే దానికోసం ఇంకో పద్ధతి ఉంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొట్టేముందు "క్విక్ ఫార్మాట్" పక్కనున్న టిక్ తీసేయండి. విస్టా కాలం నుంచీ ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది. టైమ్ పడుతుంది, కానీ ఆ తర్వాత రెక్యూవా వేసినా ఏమీ రాదు. ఆ 1 టీబీ డిస్క్‌కి నేను చేసింది ఇదే.

మ్యాక్ అయితే పని ఇంకా సులువు. మోంటెరీ నుంచి "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" అనే ఆప్షన్ వచ్చింది. ఆపిల్ సిలికాన్ లేదా టీ2 చిప్ ఉన్న మ్యాక్‌లలో అది డేటా తుడవడంతో పాటు ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేసి యాక్టివేషన్ లాక్ కూడా తీసేస్తుంది. నాలాగా అతితెలివికి పోయి రికవరీ మోడ్ దారి పట్టకండి. క్రోమ్‌బుక్ అయితే లాగిన్ స్క్రీన్ దగ్గర కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ నాలుగూ కలిపి నొక్కి పవర్‌వాష్ చేస్తే సరి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో చెప్తున్నా. రీసెట్ అయ్యాక "మీది ఏ దేశం?" అని అడిగే స్క్రీన్ వస్తుంది కదా, అక్కడ ఆపేయండి. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేసేయండి. "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని మళ్లీ మీ అకౌంట్‌తో లాగిన్ అయితే చేసిందంతా గోదాట్లో కలిసినట్టే. ఆ మొదటి స్క్రీన్ కొన్నవాళ్ల హక్కు.

ఇంకో డౌట్ చాలామందికి ఉంటుంది. రీసెట్ చేస్తే విండోస్ లైసెన్స్ పోతుందా? పోదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఒరిజినల్ విండోస్ లైసెన్స్ ఆ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది. నెట్ కనెక్ట్ అవగానే మళ్లీ దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అందుకే షాపులో "విండోస్ వేసిస్తా, ఐదొందలు" అని క్రాక్ చేసిన కాపీ ఎక్కిస్తుంటే చూస్తూ ఊరుకోకండి. ఒరిజినల్ ఉండగా దొంగది వేయించుకోవడానికి డబ్బు కట్టడమేంటి? ఆఫీస్ సూట్ మాత్రం మొదటి ఓనర్ అకౌంట్‌తో యాక్టివేట్ అయి ఉంటుంది. అది కొన్నవాళ్లకి రాదని ముందే చెప్పేయండి.

అలాగే విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. మీ మెషీన్ 11కి అర్హమైతే అప్‌గ్రేడ్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేసి ఇవ్వండి. అర్హం కాకపోతే ఆ మాట కూడా దాచకండి. దాన్ని బట్టే ధర మాట్లాడుకోవాలి. దాని మీద లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది, కానీ ఆ నిర్ణయం కొనేవాళ్లది.

కొనేవాళ్లు చూసుకోవాల్సింది

కొనే వైపు ఉన్నవాళ్లకి కూడా రెండు మాటలు. మన దగ్గర సెకండ్ హ్యాండ్ మార్కెట్లో దొరికే మంచి పీస్‌లలో చాలావరకు కంపెనీలు లీజు అయిపోయాక వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లే. గట్టి మెషీన్లు. కానీ కొన్నిటికి కంపెనీ తాళాలు ఉంటాయి. ఆటోపైలట్‌లో రిజిస్టర్ అయిన ల్యాప్‌టాప్‌ని మీరు ఎన్నిసార్లు రీసెట్ చేసినా, నెట్ కనెక్ట్ అవగానే "ఫలానా కంపెనీకి స్వాగతం, ఆఫీస్ మెయిల్ ఐడీ ఇవ్వండి" అంటుంది. దాన్ని తీయాల్సింది ఆ కంపెనీ ఐటీ టీమే. షాపులో నెట్ లేకుండా సెటప్ చేసి ఇస్తే ఈ సంగతి మీకు కనపడదు. ఇంటికొచ్చాక ఎప్పుడో రీసెట్ చేసినప్పుడు బయటపడుతుంది.

అందుకే డబ్బులిచ్చే ముందు మూడు చెక్ చేయండి. మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, మీ కళ్లముందే రీసెట్ చేయించి మొదటి స్క్రీన్ల దాకా వెళ్లండి. కంపెనీ పేరు గానీ, వేరేవాళ్ల మెయిల్ ఐడీ గానీ కనపడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. ఎన్ని డ్రైవ్‌లు ఉన్నాయో అన్నీ తెరిచి చూడండి. "టైమ్ లేదు బ్రదర్" అంటే ఇంకో షాపుకి వెళ్లండి. ఇదంతా మా చెల్లికి కొన్నప్పుడు నేను చేయలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

డ్రిల్లింగ్ మెషీన్ అక్కర్లేదు

ఇంకో రకం మనుషులున్నారు. అసలు అమ్మనే అమ్మరు. డేటా భయంతో పాత ల్యాప్‌టాప్‌ని బీరువా మీద పెట్టేస్తారు, లేదంటే డిస్క్ ఊడబీకి సుత్తితో కొడతారు. ముప్పై అయిదు సార్లు ఓవర్‌రైట్ చేస్తే గానీ డేటా పోదని ఎక్కడో చదివి ఉంటారు. అది 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పేపర్‌లోది. అప్పటి డ్రైవ్‌ల టెక్నాలజీని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. ఇప్పటి డ్రైవ్‌లకి అన్నిసార్లు అక్కర్లేదని ఆ తర్వాత ఆయనే చెప్పాడు. దేశ రహస్యాలు దాచేవాళ్ల సంగతి వేరు. మనలాంటివాళ్లకి పైన చెప్పిన రీసెట్ సరిపోతుంది.

ఈ అతిభయం ఖరీదు మనకి కనపడదు. మీ బీరువా మీద దుమ్ము పట్టిన ఐదేళ్ల ల్యాప్‌టాప్ ఎక్కడో ఒక ఊళ్లో ఫస్టియర్ అమ్మాయికి నాలుగేళ్లు పనికొస్తుంది. కొత్తది కొనలేని ఇళ్లు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. సరిగా రీసెట్ చేయడం తెలిస్తే ఆ మెషీన్ ధైర్యంగా బయటికొస్తుంది. డిలీట్ కొట్టేసి ఇచ్చేసే నిర్లక్ష్యం, భయంతో దాచుకునే అతిజాగ్రత్త.. రెండింటికీ మందు ఒకటే, ఆ గంట పని.

"నా దగ్గర దాచుకునేంత ఏముంది బాస్?" అనేవాళ్లకి కూడా ఒక మాట. మీ ల్యాప్‌టాప్‌లో మీ డేటా ఒక్కటే ఉండదు. అమ్మ మెడికల్ రిపోర్టులుంటాయి. ఫ్రెండ్ ప్రింట్ తీయించమని పంపిన ఆధార్ కాపీ ఉంటుంది. అక్క పెళ్లి ఫోటోలుంటాయి. మీకు ఫర్వాలేదనిపించొచ్చు. వాళ్లు మిమ్మల్ని అడిగి ఒప్పుకోలేదు కదా.

మా తప్పు కూడా ఉంది

విండోస్‌ని రీసెట్ చేసేటప్పుడు "ఈ పీసీ మీరే వాడతారా, ఇంకొకరికి ఇస్తున్నారా?" అని ఒక్క ప్రశ్న పెద్ద అక్షరాల్లో అడిగితే చాలు. ఇంకొకరికి అంటే అన్ని డ్రైవ్‌లూ తుడిచి, అకౌంట్ తాళాలు కూడా తీసేయాలి. ఇప్పుడు అదంతా చిన్న లింక్ వెనక ఉంది. అది అక్కడ ఉందని తెలిసినవాడికే దొరుకుతుంది.

మాలాంటి రివ్యూ రాసేవాళ్లం కూడా తక్కువ తినలేదు. అన్‌బాక్సింగ్‌కి పది ఫోటోలు పెడతాం. సినీబెంచ్ స్కోర్లు దశాంశాలతో సహా రాస్తాం. కీబోర్డ్ ట్రావెల్ ఎన్ని మిల్లీమీటర్లో చెప్తాం. ఆ ల్యాప్‌టాప్ ఐదేళ్ల తర్వాత ఇంకొకరి చేతికి ఎంత శుభ్రంగా వెళ్తుందో ఒక్క రివ్యూలో కూడా రాయం. నేనూ రాయలేదు. ఇకనుంచి నేను రాసే ల్యాప్‌టాప్ రివ్యూల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. దీన్ని పూర్తిగా తుడవడం ఎంత సులువు, ఎంత టైమ్ పట్టింది అని.

పెళ్లిళ్లలో అప్పగింతలు అనే తంతు ఉంటుంది. అన్ని పనులూ అయిపోయాక, చివర్లో. అలిసిపోయి ఉన్నా ఎవరూ దాన్ని ఎగ్గొట్టరు. ల్యాప్‌టాప్‌కి అంత సెంటిమెంట్ అక్కర్లేదు గానీ, ఆ చివరి గంట ఓపిక మాత్రం కావాలి.

ఆ రోజు రాత్రి హార్డ్ డిస్క్ ఫుల్ ఫార్మాట్ పెట్టి పడుకున్నా. పొద్దున్నే విండోస్‌ని కూడా మొదట్నుంచీ రీసెట్ చేసి, దేశం అడిగే స్క్రీన్ దగ్గర ఆఫ్ చేసి చెల్లి చేతికిచ్చా. "నిన్నే ఆన్ చేశాం కదా అన్నయ్యా, మళ్లీ కొత్తదానిలా వస్తోందేంటి?" అంటూనే ఇండియా ఎంచుకుని, తన పేరు టైప్ చేసుకుంది. మధ్యాహ్నం ఆ పాత ఓనర్ నుంచి వాట్సాప్ వచ్చింది. కేక్ ముందు కూర్చుని ఏడుస్తున్న ఏడాది పాప ఫోటో. కింద ఒకే ఒక్క లైన్. "ఇప్పుడు రెండో క్లాస్ అండీ. థ్యాంక్స్."